బడివీధి బావి కాగితం

తప్పు ఇంగ్లీషు చూస్తే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. మదనపల్లె మిషను బడిలో ఇరవై రెండేళ్ళు పిల్లల చేత ఆ భాష చదివించి, రాయించి, ఏడిపించాను. అహరోను అయ్యవారి క్లాసంటే పెద్ద పిల్లలు కూడా పొద్దున అన్నం సరిగా తినేవాళ్ళు కారని మా ఆవిడ అన్నమ్మ నన్ను దెప్పేది. నిజమే కావచ్చు. మెత్తగా చెబితే వ్యాకరణం ఎవరికి వచ్చింది?

అన్ని పాఠాల్లోకి నాకు ఇష్టమైన పాఠం ఒకటుండేది. 'ది గేట్ హ్యాజ్ బీన్ షట్' అని బోర్డు మీద రాసేవాణ్ణి. గేటు మూయబడింది. ఎవరు మూశారు? ఇంగ్లీషువాడికి ఆ సంగతి అక్కర్లేదు. పని పూర్తయింది, దాని ఫలం మన కళ్ళ ముందుంది, అంతవరకే. ఆ మీదట పిల్లల్ని సొంత వాక్యాలు చెప్పమనేవాణ్ణి. 'ది కౌ హ్యాజ్ బీన్ మిల్క్డ్' అని ఒకడు, 'ది లెటర్ హ్యాజ్ బీన్ పోస్టెడ్' అని ఇంకొకడు. గుర్రంకొండ నుంచి వచ్చిన పిల్లవాడొకడు 'మై ఫాదర్ హ్యాజ్ బీన్ స్లెప్ట్' అని రాస్తే, మీ నాయన్ని నిద్రపోయింది ఎవరురా అని బెంచీ ఎక్కించాను.

మన ఇళ్ళలో ఎవరూ 'బడింది' అని మాట్లాడరు. పాలు పిండినారా అని అడిగితే పిండినాము అంటారు. చేసినవాళ్ళు మాటలోనే ఉంటారు. ఇంగ్లీషులో చేసినవాణ్ణి వాక్యం బయట నిలబెట్టి తలుపు వేసుకోవచ్చు. అది గొప్ప సౌకర్యమనీ, ఆఫీసు కాగితాలన్నీ దాని మీదే నడుస్తాయనీ పిల్లలకు గర్వంగా చెప్పేవాణ్ణి.

ఆ సౌకర్యం కోసమే తిమ్మప్ప నా దగ్గరికి వచ్చాడు. యుద్ధం రోజులు, నలభై మూడో సంవత్సరం. పుంగనూరు వైపు ఊళ్ళకు అతను శానిటరీ ఇన్‌స్పెక్టరు. బావుల్లో బ్లీచింగు పొడి వేయించడం, వేసినట్టు పై ఆఫీసుకు ఇంగ్లీషులో కాగితం పంపడం అతని పని. మనిషి మంచివాడు. ఎండనక వాననక సైకిలు మీద తిరిగేవాడు. బావిలో పొడి కలపడం అతనికి చేతనైనంత బాగా ఇంకెవరికీ చేతకాదు. కాగితమే చేతనయ్యేది కాదు. 'ఐ యామ్ పుటింగ్ పౌడర్ ఎస్టర్‌డే' అని రాసి పంపితే, పై ఆఫీసు వాళ్ళు ఎర్ర సిరాతో గీతలు గీసి తిప్పికొట్టారట. అలా మూడుసార్లు. నాలుగోసారి ఉద్యోగం ఊడుతుందని ఎవరో బెదిరిస్తే, ఆదివారం గుడి వదిలే వేళకు మా పంచలో వచ్చి కూర్చున్నాడు.

నేను రాసిచ్చాను. 'ది వెల్ హ్యాజ్ బీన్ క్లీన్డ్ అండ్ డిసిన్‌ఫెక్టెడ్. ది వాటర్ హ్యాజ్ బీన్ ఫౌండ్ ఫిట్ ఫర్ డ్రింకింగ్.' బావి శుభ్రం చేయబడింది, మందు వేయబడింది, నీళ్ళు తాగడానికి తగినవని తేలింది. పై ఆఫీసు నుంచి ఒక్క గీత కూడా లేకుండా ముద్ర పడి తిరిగి వచ్చింది. తిమ్మప్ప దాన్ని పెళ్ళి శుభలేఖ చూపించినట్టు తెచ్చి చూపించాడు.

ఆ తరువాత మాకొక పద్ధతి ఏర్పడింది. ప్రతి ఆదివారం వచ్చేవాడు. ఆ వారంలో ఎన్ని బావులకు మందు వేయాలో అన్ని కాగితాలు ఒకేసారి రాయించుకునేవాడు. బావి పేరుకు, తేదీకి చుక్కలు పెట్టి ఖాళీ వదిలేవాణ్ణి. పొడి వేశాక అవి నింపి, తన ముద్ర వేసి పంపేవాడు. ఇంకా జరగని పనికి 'విల్ బీ' కదా రాయాలి అని మొదట్లో ఒకసారి అడిగాను. జరగబోయేది పై ఆఫీసు వాళ్ళకు అక్కర్లేదు సారూ, జరిగిందే కావాల అన్నాడు. సంతకం పెట్టేది నువ్వు, నాకేం పోయిందని రాసిచ్చాను. రెండు నెలలు అంతా సవ్యంగానే నడిచింది. వేయబోయే మందు వేయబడినట్టు నా చేత్తో వందకు పైగా కాగితాలు రాశాను. ఒక్కదానిలోనూ తప్పు లేదు.

చైత్రంలో కలరా బయలుదేరింది. మొదట కుప్పం పక్క పల్లెల్లో అన్నారు. సంతకు వెళ్ళివచ్చినవాళ్ళు ఒక ఇంట్లో ముగ్గురు, ఒక ఇంట్లో ఐదుగురు అని లెక్కలు చెప్పేవాళ్ళు. వారం తిరిగేసరికి ఆ మాట పుంగనూరు దారిలోని పల్లెల దాకా వచ్చింది. బస్సులో మనిషి దగ్గితే కూడా పక్కవాడు లేచి నిలబడుతున్నాడు.

మా ఒక్కగానొక్క కూతురు రాహేలు పుంగనూరులో ఉంది. అల్లుడు కరుణాకర్ అక్కడి బడిలో పంతులు. బడి వెనక వీధిలో, అందరూ బడివీధి అనేదానిలో, కాపురం. పిల్లకు ఏడో నెల. మొదటి కాన్పు పుట్టింట్లోనే కాబట్టి ఎలాగూ తీసుకురావాల్సిందే. అన్నమ్మ ఒక సాయంత్రం చాట పక్కన పడేసి నా ఎదురుగా కూర్చుంది. "రేపే పొయ్యి దాన్ని పిలుచుకోని రా. రోగం ఆ ఊర్లో కాలు పెట్టకముందే అది ఈడుండాల," అంది. అన్నమ్మ నన్ను ఎప్పుడూ అలా అడగలేదు. సరేనన్నాను.

మంగళవారం బొగ్గు బస్సెక్కాను. పెట్రోలు లేక ఆ రోజుల్లో బస్సులన్నీ బొగ్గు మీదే నడిచేవి. మిట్ట వచ్చినప్పుడల్లా జనం దిగి తోయాలి. పుంగనూరు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. పిల్లను తీసుకుని మర్నాటి బస్సుకు తిరిగి రావాలనే వెళ్ళాను. ఆ మాట ఇప్పటికీ నాకు నేను చెప్పుకుంటూ ఉంటాను.

బడివీధి మొదట్లోనే బావి. గట్టు పక్కన రాతి స్తంభానికి ఒక కాగితం అంటించి ఉంది. దాని ముందు పదిమంది ఆడవాళ్ళు ఖాళీ బిందెలతో నిలబడి ఉన్నారు. ఆ ముందురోజు ఇన్‌స్పెక్టరు వచ్చి అంటించి పోయాడట. ఏముందో చదవగలిగినవాళ్ళు వీధిలో లేరు. కరుణాకర్ పరీక్షలని పొద్దున్నే బడికి పోతే చీకటి పడ్డాకే వస్తున్నాడు. నిన్నటి నుంచి నీళ్ళు తోడాలా వద్దా అని తేల్చుకోలేక వాళ్ళు ఊరి బయటి ఊటచెలమ దాకా పోయి తెచ్చుకుంటున్నారు. ఎదురింటి చెంగమ్మ నన్ను గుర్తుపట్టింది. మదనపల్లె ఇంగ్లీషు అయ్యవారు, మన రాహేలు నాయన అని అందరికీ చెప్పింది. నాకు దారి ఇచ్చారు.

చదివాను. నా వాక్యాలే. చుక్కల్లో బడివీధి బావి అని, నిన్నటి తేదీ అని నింపి ఉంది. కింద గుండ్రటి నీలం ముద్ర. నా పంచలో మోకాలి మీద పెట్టుకుని రాసిన కాగితమే అయినా, ముద్ర పడి, స్తంభమెక్కి, పదిమంది చేత చూడబడుతుంటే అది నాది కాదనిపించింది. ఎవరో పెద్దవాళ్ళు నాకు చెబుతున్నట్టుంది. ఆ క్షణంలో నాకు కలిగింది గర్వమే, దాచడమెందుకు. బావిలో మందు వేశారు, నీళ్ళు పరీక్ష చేశారు, తాగవచ్చు అని గట్టిగా తెలుగులో చెప్పాను.

చెంగమ్మ మాత్రం కదల్లేదు. ఆమెకు అరవై దాటి ఉంటాయి. కొడుకూ కోడలూ లేక మనవణ్ణి సాకుతున్న మనిషి.

"పోయినేడు మందేసినప్పుడు మూణ్ణాళ్ళు నీళ్ళు కంపు కొట్టినాయి అయ్యవారూ. ఈతూరి వాసనే రాలేదే," అంది.

నాకు చురుక్కుమంది. పదిమంది ముందు నా ఇంగ్లీషును ఒక ముసలమ్మ ముక్కుతో పరీక్ష చేస్తోందనిపించింది. సర్కారు ముద్ర కంటే నీ ముక్కు గొప్పదా అన్నాను. ఆడవాళ్ళు నవ్వారు. చెంగమ్మ కూడా సిగ్గుపడి నవ్వింది. "అయ్యవారు సదివినాక ఇంకేముండాది," అని మొదటి చేద ఆమే వేసింది.

ఇంట్లో రాహేలు పొయ్యి ముందు కూర్చుని ఉంది. పెద్ద డేగిసాలో చెలమ నీళ్ళు మరుగుతున్నాయి. మిషను డాక్టరమ్మ చెప్పిందని పది రోజులుగా ప్రతి చుక్కా కాచే తాగుతున్నారట. కట్టెలు తడిసి ఇంటినిండా పొగ. పిల్ల కళ్ళు ఎర్రబడి, కాళ్ళు వాచి ఉన్నాయి. నీళ్ళ కోసం అంత దూరం పోవద్దనీ, ఈ పొగలో కూర్చోవద్దనీ, బావికి మందు పడిందనీ చెప్పాను. "నిజంగానా నాయనా?" అని అడిగింది. కాగితం నేనే చదివాను కదమ్మా అన్నాను. డేగిసా దింపేసింది.

మర్నాటి ప్రయాణం మాట వచ్చినప్పుడు, ఇంకో పది రోజుల్లో పరీక్షలు అయిపోతాయి, నేనే జాగ్రత్తగా తీసుకొస్తాను మామా అన్నాడు కరుణాకర్. రాహేలుకు కూడా అదే ఇష్టం. ఆ బొగ్గు బస్సులో, ఆ గతుకుల్లో, ఏడు నెలల పిల్లను ఒక్కణ్ణే ఎలా తీసుకుపోతానా అని నాకూ లోపల బెదురుగానే ఉంది. నీళ్ళ భయం తీరింది కదా, పది రోజులకేమని ఒప్పుకున్నాను. బుధవారం ఒంటరిగా ఇంటికి వచ్చాను.

అన్నమ్మ గడప దగ్గర నా వెనక చూసింది, ఎవరూ లేరు. బావికి మందు వేసిన సంగతి వివరంగా చెప్పాను. కాగితంలో ఉన్నదాన్ని ఇంగ్లీషులో కూడా చెప్పాను. ఆమె విని లోపలికి పోయింది. ఆదివారం దాకా నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు.

ఆదివారం తిమ్మప్ప మామూలు వేళకే వచ్చాడు. మొహం పీక్కుపోయి ఉంది. సంచిలో నుంచి తెల్ల కాగితాల కట్ట తీసి నా ముందు పెట్టాడు. ఈ వారం ఇరవై బావులట. నేను కలం విదిలించి మొదటి వాక్యం మొదలుపెట్టాను. రాస్తూనే ఎక్కడెక్కడ తిరిగావని అడిగాను.

కుప్పం నుంచి వస్తున్నానన్నాడు. మద్రాసు నుంచి రావాల్సిన పొడి డబ్బాలు పన్నెండు రోజులుగా కుప్పం స్టేషన్లో ఆగిపోయాయట. మిలిటరీ సరుకు పోయేదాకా మిగతావి కదలవన్నారట. మంగళవారం నుంచి అక్కడే పడిగాపులు కాసి, నిన్న సాయంత్రం ఎలాగో రెండు డబ్బాలు విడిపించి బండికి వేశాడట. రేపటికి పుంగనూరు చేరతాయట.

నా కలం ఆగింది. మరి బడివీధి బావికి వేసిన పొడి ఎక్కడిది అన్నాను.

తిమ్మప్ప నా మొహం చూశాడు. అప్పటిదాకా అతనికి అది చెప్పాల్సిన సంగతిగా తోచినట్టు లేదు. "దానికింకా ఎయ్యలేదు సారూ. సోమారం మా ఆఫీసు పెద్ద దొర ఆ దావన పోతాడనిరి. బస్సు దిగితే కనపడేది ఆ బావే. కాగితం ఎట్లాగూ రాసుండాది గదా, పొడి రెండునాళ్ళలో రాకుండా యాడికి పోతాదిలే అని అంటిచ్చేసి పోయినాను," అన్నాడు.

అతన్ని తిట్టాలని లేచాను. లోపల గుమ్మం పక్కన అన్నమ్మ నిలబడి ఉంది. విన్నది. పెట్టెలో నుంచి నా కోటు తెచ్చి చేతిలో పెట్టింది.

బస్సు మూడుచోట్ల ఆగింది. మూడుచోట్లా అందరికంటే ముందు దిగి తోశాను. దారిపొడుగునా దేవుణ్ణి అడిగింది ఒక్కటే, అది ఇంకా నీళ్ళు కాచుకుంటూ ఉండాలని. నా మాట వినని పిల్ల కావాలని నేను కోరుకున్నది జీవితంలో ఆ ఒక్క పూటే.

బడివీధి మొదట్లో బావి చుట్టూ జనం. మంగళవారం పదిమంది ఉంటే ఇప్పుడు నలభై యాభైమంది ఉన్నారు. కాగితం ఉన్న బావి ఊళ్ళో ఇదొక్కటేనట, మదనపల్లె అయ్యవారు చదివి చెప్పాడట, అందుకని నాలుగు వీధుల వాళ్ళు ఇక్కడికే వస్తున్నారు. వరసలో ఉన్నవాళ్ళు నన్ను చూసి తలలు వంచి పలకరించారు. నేను నోరు తెరిచాను. అప్పుడే కరుణాకర్ ఎదురుగా పరుగెత్తుకు వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. పొద్దుటి నుంచి వాంతులు, విరేచనాలు, కాళ్ళూ చేతులూ చల్లబడిపోతున్నాయి, మీకు మనిషిని పంపాను మామా అన్నాడు.

అతని వెంట పోయాను. ఆ వరసను దాటుకుని, ఒక్క మాట చెప్పకుండా పోయాను. కూతురు చావుబతుకుల్లో ఉంటే ఎవరికైనా కాళ్ళు అటే లాగుతాయని తరువాత చాలామంది నన్ను ఓదార్చారు. అది సగం నిజం. చెప్పడానికి రెండు మాటలు చాలు, ఒక నిమిషం కూడా పట్టదు. ఆ యాభైమంది ముందు నా నోటితో ఆ మాట అనడానికి నాకు మొహం చెల్లలేదు.

కాంపౌండరు వచ్చి ఉప్పునీళ్ళు ఎక్కించాడు. చేయగలిగిందంతా చేశాడు. రాహేలు నన్ను గుర్తుపట్టింది. గొంతు పోయింది, పెదవులు కదిలిస్తే కనిపెట్టుకోవాలి. నీళ్ళు అడిగింది. ఆ ఇంట్లో ఏ కుండలో నీళ్ళు ఇవ్వాలో తెలియక నేను నిలబడిపోయాను. తెల్లవారక ముందే పోయింది. కడుపులో బిడ్డ కూడా దానితోనే పోయింది. ఇరవై ఏళ్ళు కూడా నిండలేదు.

పొద్దు పొడిచాక బావి దగ్గరికి నడిచాను. చేదల చప్పుడు వినిపిస్తూనే ఉంది. నన్ను చూసి చప్పుడు ఆగింది. సంగతి తెలిసినట్టుంది, ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. ఈ బావిలో మందు వేయలేదని, ఈ నీళ్ళు తాగవద్దని చెప్పాను. ఎవరూ కదల్లేదు. కాగితం నేనే రాశానన్నాను. మా పంచలో కూర్చుని, బావి మొహం చూడకుండా రాశానన్నాను. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పాపం, బిడ్డ పోయిన దుఃఖంలో మాట్లాడతాండాడని వెనక ఎవరో అనడం వినిపించింది. కాగితం చింపబోతే, సర్కారుది చింపకూడదప్పా అని ఒకతను నా చెయ్యి మెల్లగా పక్కకు తీశాడు.

చెంగమ్మ ముందుకు వచ్చింది. ఆమె కళ్ళు ఏడ్చి ఉబ్బి ఉన్నాయి, రాహేలు ఆమెకు కూతురి లెక్క. తన బిందెలో నుంచి చెంబు ముంచి నా ముందు చాచింది. "రేతిరంతా గొంతు తడుపుకోలేదు నువ్వు. రెండు గుక్కలు తాగి కూసో అయ్యవారూ," అంది.

చెంబు నా చేతికి వచ్చింది. నీళ్ళు తేటగా ఉన్నాయి. నాకు నిజంగానే దాహంగా ఉంది. ఎత్తాను, పెదవుల దాకా తెచ్చాను. చెయ్యి ముందుకు పోలేదు. చెంబు గట్టు మీద పెట్టేశాను.

ఇంత చెప్పినా వినని మనుషులకు అది అర్థమైంది. మొదట ఒకామె తన బిందె వంచి నీళ్ళు నేలమీద పారబోసింది. తరువాత పక్కనున్నామె. ఒకరి వెనక ఒకరు అందరూ పారబోశారు. ఎవరూ నన్ను తిట్టలేదు. నా కాళ్ళ కింద నేలంతా తడిసింది.

చెంగమ్మ తన బిందె మీద చెయ్యి పెట్టుకుని అలాగే నిలబడింది. నువ్వు కూడా పారబొయ్యమ్మా అన్నాను.

"పారబోస్తాను. ఇప్పుడే మా పిల్లోడికి రెండు లోటాలు తాపిచ్చి వస్తిని. అయ్యవారు సదివినాడు, దిగులు లేదు తాగురా అనింది నేనే. వానికేం సెయ్యాల సెప్పు," అంది.